పద్దెనిమిదో మనిషి

మార్టూరు దాటి కొండల వైపు మళ్ళితే రోడ్డుకి రెండు పక్కలా రాయి కోసే ఫ్యాక్టరీలు. వాటి వెనక మిరప చేలు. ఆ చేలు కూడా దాటాక, ఎవరికీ పట్టకుండా వదిలేసిన పాత గ్రానైట్ క్వారీ ఒకటుంది. నూటయాభై అడుగుల లోతు గుంత. నాలుగు వైపులా నిలువుగా కోసిన నల్లరాతి గోడలు. దిగడానికి, ఎక్కడానికి ఒకటే బండి దారి. పదేళ్ళు మూతబడి ఉన్న ఆ గుంతని మూడేళ్ళ కిందట నింగిబాట ఏరోస్పేస్ అనే కంపెనీ లీజుకి తీసుకుంది.

రాకెట్లు చేసేవాళ్ళకి రాళ్ళ గుంతతో ఏం పనని ఊళ్ళో అందరూ నవ్వుకున్నారు. పని ఉంది. రాకెట్ ఇంజన్‌ని నింగిలోకి పంపేముందు నేలమీద ఇనప స్టాండుకి బిగించి మండించి చూడాలి. ఆ మంటా, ఆ మోతా, ఖర్మ కాలి పేలితే ఆ ఇనప ముక్కలూ బయటికి రాకుండా ఆపే గోడలు కావాలి. అంతకంటే గట్టి గోడలు ఎవరు కట్టగలరు?

ఆ గుంతలోకి ఎవరు దిగాలన్నా, ఎవరు పైకి రావాలన్నా దేవకుమారి కళ్ళముందే జరగాలి. సేఫ్టీ ఆఫీసరు ఆవిడ. ముప్ఫై ఆరేళ్ళు. పక్క ఊరి మిషన్ స్కూల్లో పంతులమ్మగా చేసిన తల్లి దగ్గర్నుంచి హాజరు పిలిచే గొంతు వచ్చింది ఆవిడకి. గుంత గట్టుమీద ఒక చెక్క బోర్డు, దానికి పదిహేడు కొక్కేలు, పదిహేడు ఇత్తడి బిళ్ళలు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో మనిషి పేరు. దిగేటప్పుడు నీ బిళ్ళ తీసుకుని జేబులో వేసుకోవాలి, పైకొచ్చాక తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా ఇంజన్ మండదు. మండించే తాళంచెవి దేవకుమారి మెడలోనే ఉంటుంది. ఒకసారి కంపెనీ యజమానే బిళ్ళ లేకుండా దిగబోతే, "ఇక్కడ మీరు కూడా మనిషే సార్" అని వెనక్కి పంపింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ తర్వాత ఎవరూ ఆ బోర్డుతో ఆటలాడలేదు.

మార్చి నెల. మిరప కోతల కాలం. గుంత చుట్టూ కల్లాల్లో ఎర్రటి కాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు గొంతులోకి దిగి, ఇంజనీర్లంతా తుమ్ముతూ పనిచేస్తున్నారు. పంచాయతీతో ఒప్పందం ప్రకారం ఇంజన్ని మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండుకీ మధ్యనే మండించాలి. కాయలు కోసే కూలీలు ఆ గంటసేపు చేలల్లోంచి బయటికి వచ్చి రోడ్డు పక్కన అన్నాలు తింటారు.

ఆ రోజు మూడో ప్రయత్నం. మొదటి రెండుసార్లూ ఏదో ఒక లోపం వచ్చి ఆగిపోయింది. బెంగళూరు నుంచి కంపెనీకి డబ్బు పెట్టిన పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. గుంతకి పావు కిలోమీటరు దూరాన ఉన్న కంట్రోల్ రూములో, టెస్టు డైరెక్టరు వీరబాబు పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పన్నెండున్నరకి ద్రవ ఆక్సిజన్ ఎక్కించడం పూర్తయింది. మనుషులంతా పైకి వచ్చారు. దేవకుమారి బిళ్ళలు ఒక్కొక్కటే చేత్తో తాకుతూ లెక్కపెట్టింది. పదిహేడు. కాగితం మీద సంతకం పెట్టి కంట్రోల్ రూముకి వచ్చింది.

"గుంత ఖాళీ సార్."

"థాంక్యూ మేడమ్," అన్నాడు వీరబాబు. కౌంట్‌డౌన్ మొదలైంది.

పది నిమిషాలుందనగా, కెమెరా తెరల ముందు కూర్చున్న భవ్య అనే అమ్మాయి దేవకుమారి చున్నీ అంచు పట్టుకుని లాగింది.

"మేడమ్..." వేలితో తెర చూపించింది. "మూడో తెరలో... ఎవరో ఉన్నారు."

దేవకుమారి వంగి చూసింది. ద్రవ ఆక్సిజన్ చలికి, ఇంజన్ స్టాండు చుట్టూ తెల్లటి పొగ మోకాలెత్తున పరుచుకుని ఉంది. ఆ పొగలో, స్టాండుకి పది అడుగుల దూరంలో, ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీపు కెమెరా వైపు. ముందు అన్నం క్యారేజీ. చెయ్యి కిందికి వెళ్తోంది, నోటి దగ్గరికి వస్తోంది. తీరిగ్గా తింటున్నాడు.

"ఆపండి!" అరిచింది దేవకుమారి. "కౌంట్ ఆపండి. కింద మనిషున్నాడు."

వీరబాబు ఒక్క అంగలో వచ్చాడు. అప్పటికి పొగ పైకి లేచి తెరంతా తెల్లబడింది. పొగ తేలిపోయాక చూస్తే స్టాండు, పైపులు, నల్లరాయి. అంతే.

"ఎవరున్నారు మేడమ్? బిళ్ళలన్నీ మీరేగా లెక్కపెట్టింది?"

"బిళ్ళలు పదిహేడే సార్. మనుషులు పద్దెనిమిది."

వీరబాబు భవ్య వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

వెనక బెంగళూరు వాళ్ళు కుర్చీల్లోంచి తొంగి చూస్తున్నారు. భవ్య తలదించుకుంది. "ఏమో సార్... పొగేనేమో."

"సార్, నేను చూశాను. నాకది చాలు," అంది దేవకుమారి.

"ఇంకో నలభై నిమిషాల్లో ఆక్సిజన్ ఆవిరైపోతుంది. ఈరోజు కూడా ఆగిందంటే ఈ కంపెనీ ఉండదు. ఆ సంగతి మీకు తెలుసు."

"తెలుసు. ట్యాంకు వాల్వులు మూయించండి, ఒత్తిడి దించండి. నేను దిగి చూసొస్తాను." మెడలో తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని బయటికి నడిచింది. అది లేకుండా ఇంజన్ని ఆ భగవంతుడు కూడా మండించలేడు.

స్కూటీ తీస్తుంటే పంపుల దగ్గర పనిచేసే చెంచురామయ్య అడ్డం వచ్చాడు. అరవై దాటిన మనిషి. కిటికీలోంచి అంతా విన్నట్టున్నాడు. చెమటలు కారుతున్నాయి.

"అమ్మా, దిగొద్దు."

"కింద మనిషున్నాడు బాబాయ్."

"తెలుసు." పెదాలు తడుపుకున్నాడు. "వాడెవడో నాకు తెలుసమ్మా."

దేవకుమారి స్కూటీ ఆపింది.

"క్వారీ నడిచే రోజుల్లో మందు పెట్టి పేల్చే పని నాదే. అప్పుడూ అన్నాల వేళే పేల్చేవాళ్ళం. మనుషులంతా పైకొచ్చాక నేను మూడు ఈలలు ఊదేవాణ్ణి. మూడో ఈలకి బండ లేచేది. ఆ రోజు వాడు పైకి రాలేదు. ఎండగా ఉందని కింద నీడన కూర్చుని తింటున్నాడు. ముందురోజే పనిలో చేరాడు. ఈలంటే ఏంటో కూడా వాడికి ఎవరూ చెప్పలేదు."

"నువ్వు చూసుకోలేదా?"

"మేస్త్రీ అందరూ వచ్చారన్నాడు. పేర్లు పిలిచాడు. వాడి పేరు ఇంకా రాసుకోలేదు. పేరు లేదు గనక పిలవలేదు, పిలవలేదు గనక తక్కువొచ్చినట్టు ఎవరికీ తెలీలేదు."

"తర్వాత?"

చెంచురామయ్య నేల చూపులు చూశాడు. "తర్వాత ఏముందమ్మా. రాళ్ళు ఎత్తితే కేసవుద్దన్నారు. ఆ మూల వదిలేసి ఇంకో గోడ మొదలెట్టారు. పొదిలి వైపు వాడని ఎవరో అన్నారు. ఎవరూ వెతుక్కుంటా రాలేదు."

"ఏ మూల?"

"ఇప్పుడు మీ స్టాండు ఉన్న మూలే."

దేవకుమారికి ఒళ్ళు చల్లబడాల్సింది. చల్లబడలేదు. కోపం వచ్చింది. ముక్కుపుటాలదాకా మంటలా ఎగదన్నే కోపం. మూడేళ్ళుగా ఆ గుంత ఖాళీ అని తను పెట్టిన సంతకాలన్నీ కళ్ళముందు ఆడాయి.

"ఎక్కు బాబాయ్."

"అంచుదాకా వస్తానమ్మా. దిగను."

గట్టు దగ్గర స్కూటీ ఆపి, బోర్డు మీంచి తన బిళ్ళ తీసుకుంది. తాళంచెవిని మళ్ళీ పిడికిట్లో బిగించి దారి వెంట దిగడం మొదలుపెట్టింది.

పైన నిప్పులు చెరిగే ఎండ. రాతి గోడలు పెనంలా కాలుతున్నాయి. సగం దారి మలుపు తిరిగేసరికి మిరప ఘాటు ఆగిపోయింది. ఇంకో ఇరవై అడుగులకి పిట్టల అరుపులు ఆగిపోయాయి. గుంత అడుగుకి చేరేసరికి చలి. ఆక్సిజన్ చలి ఆవిడకి అలవాటే, చర్మం మీద సూదుల్లా గుచ్చుతుంది. ఇది అది కాదు. తడి రాయి కింద చెయ్యి పెడితే తగిలే చలి.

తెల్లటి పొగ మోకాళ్ళ దాకా వచ్చింది. తన కాళ్ళు తనకే కనబడడం లేదు. పొగలో ఏదో వాసన... పులిసిన అన్నం, ఉల్లిపాయ, దానికింద కాలిన తుపాకిమందు.

ముందు చప్పుడు వినపడింది.

కరకర... కరకర...

అటుకులు నములుతున్నట్టు. కాదు. కంకర నములుతున్నట్టు.

అక్కడే ఉన్నాడు. స్టాండుకి పది అడుగుల దూరంలో, కూలిన బండల కుప్పకి ఆనుకుని. భుజాల మీద, జుట్టులో, చెవుల వెనకాల బూడిదరంగు రాతిపొడి. క్యారేజీలోకి చెయ్యి వెళ్ళింది. వచ్చింది. కరకర...

"అన్నా," అంది దేవకుమారి.

నమలడం ఆగింది.

"ఈల ఊదారా?" వాడు తల తిప్పలేదు. గొంతు రెండు రాళ్ళు ఒరుసుకున్నట్టుంది.

"లేదు."

"పైకి రమ్మన్నారా?"

"నేను రమ్మంటున్నాను. లేవండి."

వాడు లేవలేదు. పొగ మాత్రం మెల్లగా పైకి వస్తోంది. మోకాళ్ళు దాటింది.

"పేరు పిలవలేదు."

"మీ పేరు నాకు తెలీదన్నా. చెప్పండి. పిలుస్తాను."

వాడు తల తిప్పాడు. ముఖం ఉండాల్సిన చోట ముఖమే ఉంది. కానీ ఒక పక్క లోపలికి... రేకు డబ్బాని కాలితో తొక్కినట్టు... చదునుగా అణిగిపోయి ఉంది. నోరు తెరిచాడు. మాట రాలేదు. నోట్లోంచి రాతిపొడి ధారగా కారింది. కారుతూనే ఉంది. ఒళ్ళో నిండి, నేలమీద పడి, పొగలో కలిసి... ఆగడం లేదు.

"గుర్తు... లేదు."

అప్పుడు ఈల వినపడింది.

ఒకటి. పొడుగ్గా. పైనుంచి కాదు. ఆ బండల కుప్ప లోపల్నుంచి.

దేవకుమారి కాళ్ళు వెనక్కి పడ్డాయి. పడలేదు... పడబోయాయి. అంతలో వాడి చెయ్యి ఆవిడ మణికట్టు మీదికి వచ్చింది. పట్టుకోలేదు. ఊరికే ఆనించాడు. ఆ బరువు మనిషి చెయ్యి బరువు కాదు. బండ బరువు. భుజం కిందికి లాగేస్తోంది. మోకాళ్ళు వంగుతున్నాయి.

"టైము లేదు," గుసగుసగా, దాదాపు జాలిగా అన్నాడు వాడు. "కూర్చో. తల దించుకో. నొప్పి... తెలీదు."

పొగ నడుం దాటింది. గుండెలదాకా వచ్చింది. కూర్చోవాలనిపించింది ఆవిడకి. నిజంగానే అనిపించింది. కాసేపు కూర్చుంటే ఏమవుతుంది... నీడగా ఉంది... చల్లగా ఉంది...

పిడికిట్లో తాళంచెవి అంచు అరచేతిలోకి దిగబడి చురుక్కుమంది.

"కూర్చోను!"

ఆ అరుపుకి గుంత నాలుగు గోడలూ పలికాయి. తల్లి గొంతది. అరవైమంది పిల్లల్ని ఒక్క మాటతో నిలబెట్టిన గొంతు.

"నేను కూర్చోను. నువ్వూ కూర్చోవద్దు. ఎవడు ఊదాడు ఆ ఈల? ఈ గుంతలో నేను సంతకం పెట్టకుండా ఏదీ పేలదు. వినపడిందా? ఏదీ పేలదు! నీ పేరు నీకు గుర్తు లేకపోతే పోయింది. నువ్వు నా లెక్కలో మనిషివి. లే! ముందు నువ్వు నడు. ఈ గుంతలోంచి ఆఖరున ఎక్కేది నేను."

మణికట్టు మీద బరువు తగ్గింది. కొంచెం. ఇంకొంచెం.

వాడు లేచాడు. లేస్తుంటే ఎక్కడెక్కడో లోపల రాళ్ళు సర్దుకున్న చప్పుడు. క్యారేజీ మూత జాగ్రత్తగా పెట్టి చేత్తో పట్టుకున్నాడు. నడిచాడు. అడుగుల చప్పుడు లేదు. అడుగు వేసిన ప్రతిచోటా బూడిదరంగు పొడి ముద్ర పడుతోంది. దేవకుమారి వాడి వెనకే, మూడు అడుగుల దూరంలో. పరిగెత్తాలని ఒళ్ళంతా అరుస్తోంది. ఆఖరున వచ్చేవాళ్ళు పరిగెత్తకూడదు. పరిగెత్తితే ముందున్నవాళ్ళు పడిపోతారు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ తను చెప్పే మాటే అది.

మలుపు దగ్గర రెండో ఈల.

ఈసారి వెనక నుంచి. మెడ వెంట్రుకల మీద గాలి తగిలేంత దగ్గర నుంచి.

ముందున్నవాడు ఆగిపోయాడు. వీపు వణికింది.

"ఆగొద్దు," అంది దేవకుమారి.  "ఊదుకోనీ. ఎంత ఊదుతారో ఊదుకోనీ. నువ్వు నడు."

నడిచాడు. పైన ఎండ అంచు కనబడుతోంది. పది అడుగులు. ఆరు. మూడు. మూడో ఈల కోసం చెవులు రిక్కించి, పళ్ళు బిగించి నడిచింది ఆవిడ.

మూడో ఈల రాలేదు.

గట్టెక్కగానే మిరప ఘాటు ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. చెంచురామయ్య బోర్డు దగ్గర రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. చూస్తున్నాడు. ఆయనకీ కనబడుతున్నాడు.

వాడు ఆయన ముందు ఆగాడు.

"నేనే ఊదానయ్యా," చెంచురామయ్య కూలబడిపోయాడు. "ఆ రోజు కిందికి చూడకుండా ఊదాను. ఒక్కసారి తొంగి చూసుంటే..."

 వాడు కాసేపు ఆయన్ని చూసి, క్యారేజీ చేతిలో మార్చుకుని, కంచె దాటి మిరప చేలోకి నడిచాడు. మొక్కలు కదల్లేదు. సాళ్ళ మధ్య కొంతదూరం వీపు కనబడింది. ఆ తర్వాత ఎండ మాత్రమే ఉంది.

దేవకుమారి వాకీటాకీ తీసింది. 

"వీరబాబు సార్."

"మేడమ్! ఎవరన్నా ఉన్నారా? గుంత ఖాళీయేనా? ఇంకా పన్నెండు నిమిషాలుంది. మళ్ళీ ఒత్తిడి పెంచొచ్చు. త్వరగా రండి."

"ఖాళీ కాదు సార్. స్టాండు పక్కన బండల కింద మనిషి శవం ఉంది. పదమూడేళ్ళ పైమాటే. స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాను."

 గరగర మధ్య ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది. "అది రేపు చూద్దాం. ముందు తాళంచెవి ఇవ్వండి."

"ఇవ్వను."

"దేవకుమారి గారూ, మీ ఉద్యోగం..."

"తీసెయ్యండి. మన ఇంజన్ మండాలని మీకెంత ఉందో నాకూ అంత ఉంది సార్. పిల్లల్ని వదిలేసి మూడేళ్ళు ఈ రాళ్ళల్లో తిరిగింది అందుకే. కానీ మనిషి ఎముకల మీద నిలబెట్టి దాన్ని మండించను. ముందు ఆయన్ని బయటికి తీయండి. అప్పుడు నేనే తాళం తిప్పుతాను."

ఆక్సిజన్ ఆవిరైపోయింది. బెంగళూరు కార్లు వెళ్ళిపోయాయి. సాయంత్రానికి దేవకుమారికి సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. ఆవిడ దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, గట్టుమీదే కుర్చీ వేసుకుని కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా లేవలేదు. చెంచురామయ్య చెప్పాల్సిందంతా వాళ్ళకి చెప్పి, వేలిముద్ర వేశాడు.

నాలుగో రోజు ప్రొక్లెయిన్ దింపారు. వీరబాబు కూడా వచ్చాడు. దేవకుమారికి దూరంగా నిలబడ్డాడు, తర్వాత మెల్లగా పక్కకి వచ్చాడు.  బండలు ఒక్కొక్కటే తొలిగాయి. పదిహేను అడుగుల కింద, మధ్యాహ్నం వేళకి, ఎముకలు బయటపడ్డాయి. యంత్రం ఆపేశారు. ఎస్సై దిగాడు. గంటన్నర సేపు చేతులతోనే తవ్వారు.

"అమ్మా," ఎస్సై పైకి చూసి పిలిచాడు. "ఒక్కడేనన్నారుగా?"

"ఒక్కడే."

"ఇక్కడ ఇద్దరున్నారు."

దేవకుమారి దిగింది. ఒక అస్థిపంజరం వంగి కూర్చుని ఉంది. దాని వీపుని ఆనుకుని ఇంకోటి. చిన్న ఎముకలు. సన్నటి చెయ్యి. ఆ చేతికి ఎర్ర మట్టిగాజులు. అన్ని టన్నుల బండ మీద పడినా ఒక్క గాజూ చిట్లలేదు.

"ఆడమనిషిని ఈ గుంతలోకి ఏనాడూ దించలేదమ్మా," అన్నాడు ఆవిడ వెంటే దిగి వచ్చిన చెంచురామయ్య.  "ఒట్టు. ఏనాడూ."

 గాలి లేదు. యంత్రం ఆగి గంటన్నర అయింది. దేవకుమారి మోకాళ్ళ మీద వంగి దగ్గరగా చూసింది.

గాజులు మెల్లగా ఊగుతున్నాయి... అప్పుడే ఈల ఊది నోటి దగ్గర్నుంచి దించిన చేతికి ఊగుతున్నట్టు.